ఒకటిన్నర దాటితే

తొంభైల నడుమ నల్లగొండలో నీళ్లను పరీక్షించే ఒక చిన్న కేంద్రంలో నాకు కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు ఉద్యోగం దొరికింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. నాయినకు సైకిళ్లు రిపేరు చేసే దుకాణం ఉండేది. టైపు హయ్యరు పాసయ్యాను, బస్టాండు వెనక సందులో ఒక ఇన్‌స్టిట్యూటులో కంప్యూటరు కోర్సు కూడా చేశాను. ఆ కోర్సులో కంప్యూటరును ముట్టుకున్నది తక్కువ, బోర్డు మీద రాసింది నోట్సులోకి ఎక్కించుకున్నది ఎక్కువ. సర్టిఫికెట్ చేతిలో ఉంది కాబట్టి తీసుకున్నారు.

అక్కడ కంప్యూటరుకు వేరే గది. కిటికీలకు నల్ల కాగితాలు అతికించి ఏసీ బిగించారు. చెప్పులు బయటే విప్పాలి. వేసవిలో ఎండలోంచి వచ్చి ఆ చల్లటి నాపరాళ్ల మీద వట్టికాళ్లతో నిలబడితే వణుకు పుట్టేది. మా ఇంజనీరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. మొదటిరోజు తలుపు దగ్గరే నిలబడి, "చూడమ్మా, ఇది పాడైతే హైదరాబాద్ నుంచి మనిషి రావాలి. తెలియని మీట నొక్కకు" అన్నాడు. నాకు తెలిసిన మీటలు చాలా తక్కువ. అందుకని చాలా రోజులు ఒక్క వేలుతో, ఒక్కో అక్షరం నొక్కి, తెర మీద అది కనబడ్డాకే రెండోది నొక్కేదాన్ని. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కుయ్యిమని మొదలుపెట్టేది. అది ఆగేలోపు చేసింది దాచి, మూసి, ఆపాలి. ఆ కూత నా కలలోకి కూడా వచ్చేది.

పని మాత్రం సులువే. ఊళ్లలోని బోరింగుల నీళ్లు చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చేవి. మా కెమిస్టు వాటిలో రంగు మందు కలిపి, గాజు గొట్టాల్లో పోసి, మీటరులో చూసి ఫ్లోరైడు ఎంత ఉందో రిజిస్టరులో రాసేవాడు. ఆయన ముసలాయన, రిటైరయ్యాక మళ్లీ పిలిపించుకున్నారు. అందరూ ఆయనను సాబ్ అనేవారు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. ఆయన రాసింది రాసినట్టు నేను కంప్యూటరులో ఎక్కించాలి. ఊరి పేరు, బోరింగు ఎక్కడ ఉంది, అంకె ఎంత. ఆ పక్క గడి నేను ముట్టుకోనక్కర్లేదు. అంకె కొట్టగానే ఆ గడిలో దానంతటదే ఫిట్ అనో అన్‌ఫిట్ అనో వచ్చేది. ఫిట్ అంటే తాగొచ్చు, అన్‌ఫిట్ అంటే తాగొద్దు.

ఆ ఏర్పాటు చేసింది హైదరాబాద్ నుంచి కంప్యూటరుతోపాటు వచ్చిన ఒక కుర్రాడు. నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దవాడేమో. ఆ గడి మీదకు కర్సర్ తీసుకుపోయి, పైన కనబడే ఫార్ములాను వేలితో చూపించాడు.

"ఇది ఒక ప్రశ్న మేడమ్. పక్క గడిలో ఉన్నది ఒకటిన్నర దాటిందా అని అడుగుతుంది. దాటితే కామా తర్వాత ఉన్న మొదటి మాట రాస్తుంది. దాటకపోతే రెండో మాట రాస్తుంది. అంతే."

"రెండూ కాకపోతే?" అన్నాను.

"రెండూ కాకపోవడమంటూ ఉండదు కదా. దాటాలి, లేకపోతే దాటకూడదు. మధ్యలో ఏముంటుంది?"

నాకూ అది సబబుగానే అనిపించింది. కానీ ఒకటిన్నర దగ్గర నిలబడే ఊళ్ల గురించి భయం పట్టుకుంది. ఒకటీ పాయింట్ ఐదు అంటే ఫిట్. ఒకటీ పాయింట్ ఆరు అంటే అన్‌ఫిట్. మధ్యలో ఒక్క మీట. నా వేలు పక్కకు జారితే ఒక ఊరు తాగే నీళ్లు మారిపోతాయి. అందుకని ప్రతి అంకెనూ మూడుసార్లు రిజిస్టరుతో సరిచూసేదాన్ని. సాబ్ నవ్వేవాడు. "గంత ఫికర్ జేస్తే ఎట్ల బిడ్డా. నువ్వు కొడుతున్నది అంకెలు, బాంబులు గాదు."

మా జిల్లాలో పుట్టినవాళ్లకు ఫ్లోరైడు అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. పళ్ల మీద పసుపు గార, ముప్పయి ఏళ్లకే పట్టుకుపోయే మోకాళ్లు, మెడ తిప్పలేక మనిషంతా తిరిగి చూసేవాళ్లు. వీళ్లందరిలో నాకు దగ్గరి మనిషి ఒకామె ఉంది, మా అక్క అత్త. అక్కను చౌటుప్పల్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక ఊరికి ఇచ్చారు. ఆ అత్తకు అప్పుడు యాభై కూడా నిండలేదేమో, నడుము నుంచి పైభాగమంతా నేలకు సమంగా వంగిపోయింది. నేను ఎదురుగా నిలబడితే ఆమెకు నా పాదాలు కనబడేవి. పాదాలను చూసే, "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా" అని పలకరించేది. అక్క పెళ్లిచూపులకు వెళ్లినరోజు ఆమె గదిలో పడుకొని ఉందని, ఒంట్లో బాగాలేదని చెప్పారు. పెళ్లయ్యాకే చూశాం. మా అమ్మ ఆ తర్వాత చాలాకాలం అన్నం ముందు కూర్చొని ఏడ్చేది.

అక్క ఇంటికి ఎదురుగా, పది అడుగుల్లో, బోరింగు ఉండేది. ఎప్పుడో ఎవరో వచ్చి దానికి ఎర్రరంగు పూసి, తాగొద్దని చెప్పిపోయారట. ఊళ్లో కొందరు విన్నారు, కొందరు వినలేదు. అక్క మాత్రం విన్నది. రోజూ పొద్దున చెరువు కట్ట కింద ఉన్న బాయికి నడిచిపోయి, అక్కడి నీళ్లు నెత్తి మీద ఒక బిందె, చంకలో ఒక బిందె తెచ్చేది. ఆ బాయి నీళ్లు తియ్యగా ఉండేవి. మిగతావాటికన్నా మంచివని సాబ్ కూడా ఒకసారి చూసి చెప్పాడు. కానీ దారంతా రాళ్లూ తుమ్మముళ్లూ. నేను చెబుతున్న సంవత్సరంలో అక్క కడుపుతో ఉంది, అయిదో నెల దాటింది. రెండు బిందెలు మోయడం తగ్గించి ఒక్కటే తెస్తున్నానని, కాళ్లు వాస్తున్నాయని చెప్పింది.

ఆ ఎండాకాలం చివర అక్క ఊరివైపు నీళ్ల డబ్బాలు వచ్చాయి. రిపోర్టు తొందరగా పంపాలని పైనుంచి ఒత్తిడి. కాగితాలు ఎక్కించీ ఎక్కించీ నా వేళ్లు పట్టుకుపోయాయి. ప్రింటరు గరగరమంటూ ఒక పొడుగాటి కాగితాన్ని బయటకు తోస్తోంది. చించి మడతపెడుతుంటే అక్క ఊరి పేరు కనబడింది. ఆ వరుసంతా చూడలేదు. చివరి మాటే చూశాను. ఫిట్ అని ఉంది.

ఇంటికి పరుగున పోయి అమ్మకు చెప్పాను. అమ్మ ముందు నమ్మలేదు.

"మరి గన్నేండ్ల సంది ఎర్రరంగు ఎందుకున్నదే?"

"వానలు మంచిగ పడితే మారుతయంట అమ్మా. ఇప్పుడు కంప్యూటర్ల చూసినం."

కంప్యూటర్ అనే మాట వినగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. దేవుని పటం ముందు దీపం పెట్టింది. కొన్ని రోజులకు మా కేంద్రం నుంచి మనిషి పోయి ఆ బోరింగుకు ఆకుపచ్చ రంగు పూశాడు. అక్క ఇక కట్ట కిందికి పోవడం లేదని ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లెవరో చెప్పారు. అవి మా ఇంట్లో మంచి రోజులు. నాకైతే ఆ చల్లటి గది మీద మొదటిసారి కాస్త ఇష్టం కలిగింది.

వానలు మొదలయ్యాక ఇంజనీరు నన్ను పిలిచి కొత్త పని చెప్పాడు. ఫిట్, అన్‌ఫిట్ అని రెండే ఉంటే చాలడం లేదట. అన్‌ఫిట్ వాటిలో మరీ ఎక్కువ ఉన్నవి విడిగా తెలియాలి, వాటికి ముందుగా ట్యాంకర్లు పంపాలట. "నువ్వే చెయ్యి. వాణ్ణి మళ్లీ హైదరాబాద్ నుంచి పిలిపించాలంటే నెల పడుతుంది" అన్నాడు.

ఫార్ములాను నా చేత్తో మార్చడమంటే భయమేసింది. ఇన్నాళ్లూ దాన్ని చూశానే గాని తాకలేదు. అల్మారాలో ఉన్న లావాటి ఇంగ్లిషు పుస్తకం తీసి రెండు రోజులు చదివాను. ఒక ప్రశ్న పొట్టలో ఇంకో ప్రశ్న పెట్టొచ్చని అందులో ఉంది. ఒకటిన్నర దాటిందా, దాటకపోతే ఫిట్. దాటితే, మూడు దాటిందా, దాటితే డేంజర్, లేకపోతే అన్‌ఫిట్. కాగితం మీద రాసుకొని, బ్రాకెట్లు లెక్కపెట్టుకొని, ఒక గడిలో కొట్టాను. పనిచేసింది. కిందికి అన్ని గడుల్లోకి నకలు చేశాను. అన్‌ఫిట్ అని ఉన్న చోట్ల అక్కడక్కడా డేంజర్ అని మారుతూ వచ్చింది.

నాకు ఆశ్చర్యమనిపించింది ఏమిటంటే, డేంజర్లు చాలా తక్కువ వచ్చాయి. అప్పటికి ఆ నీళ్లన్నీ నా చేతిమీదుగా పోయినవే. సాబ్ రిజిస్టరు తిరగేస్తూ, అయ్యో దేవుడా అన్నట్టు, "తౌబా" అని గొణుక్కున్న రోజులు నాకు గుర్తున్నాయి. అవన్నీ ఏమయ్యాయి? ఏదో బ్రాకెట్టు తప్పు పడిందనుకొని ఒక్కొక్క వరుసా పైనుంచి చూడటం మొదలుపెట్టాను. అంకె, మాట. అంకె, మాట. అట్లా చూస్తూ వచ్చి అక్క ఊరి దగ్గర ఆగాను.

అంకె ఉండాల్సిన గడిలో అంకె లేదు. 'ఎబవ్' అని ఇంగ్లిషులో ఒక మాట ఉంది. పక్కన ఫిట్ అని ఉంది.

ఆ మాట సాబ్ రాసేదే. మీటరు చూపగలిగినదానికంటే ఎక్కువ ఫ్లోరైడు ఉంటే అంకె రాదు. ఆ నీళ్లను ఫ్లోరైడు లేని నీళ్లతో పల్చన చేసి మళ్లీ చూడాలి. అప్పుడు రంగు మందు అయిపోయింది, కొత్త సీసాలు రాలేదు. అందుకని సాబ్ 'ఎబవ్' అని రాసి, తర్వాత చూద్దామని పెట్టుకున్నాడు. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు, ఆ తొందరలో ఏ ఊరిదో కూడా పట్టించుకోకుండా, నేనే కంప్యూటరులోకి ఎక్కించాను. రిపోర్టు పోయింది.

కానీ ఎబవ్ పక్కన ఫిట్ ఎట్లా వస్తుంది? నాకు అర్థం కాలేదు, లేదా అర్థం చేసుకోవడానికి ఒళ్లు ఒప్పుకోలేదు. కిందికి పోయి ఒక ఖాళీ వరుసలో నా పేరు కొట్టాను. పక్క గడిలో ఫిట్ అని వచ్చింది. నా పేరు తుడిచేసి, ఇంగ్లిషులో విషం అనే మాట కొట్టాను. ఫిట్. గడిని వట్టిగా వదిలేశాను. ఫిట్.

పుస్తకంలో వెతికాను. చిన్న అక్షరాల్లో ఒక వాక్యం దొరికింది. అక్షరాలున్న గడిని లెక్కల్లో సున్నాగా తీసుకుంటుంది అని. సున్నా ఒకటిన్నర దాటదు. అంటే మీటరుకు కూడా అందనంత చెడ్డ నీళ్లకు మా కంప్యూటరు వరుసగా తాగొచ్చని రాసిచ్చింది. మామూలు చెడ్డవాటిని సరిగ్గా పట్టుకొని, అన్నిటికన్నా చెడ్డవాటిని వదిలేసింది.

ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. అక్క కడుపు కళ్ల ముందు కదిలింది. ఆమె ఎదురుగా ఉన్న బోరింగు కొట్టుకొని, పచ్చరంగు చూసి, చల్లగా గ్లాసు ఎత్తి తాగుతున్నట్టు కనబడింది. వెనక ఆ అత్త వంగిపోయి నడుస్తోంది.  ఇప్పటికీ ఎక్కడైనా ఏసీ గదిలోకి పోతే ఆ క్షణం గుర్తుకొస్తుంది.

చెప్పులు వేసుకోకుండానే సాబ్ దగ్గరికి పోయాను. ఆయన గాజు గొట్టాలు కడుగుతున్నాడు. నేను చెప్పింది ఒకసారి విని, మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి విన్నాక గొట్టాన్ని స్టాండులో పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"ఎన్ని ఊర్లు?"

"నాలుగు సాబ్. ఒకటి మా అక్కది."

ఆయన "నడువ్" అని ఇంజనీరు గదికి తీసుకుపోయాడు.

ఇంజనీరు ముందు నమ్మలేదు. కంప్యూటరు గదికి వచ్చి, నాచేత విషం అనే మాట మళ్లీ కొట్టించి, ఫిట్ అని రావడం చూశాడు. ఆయన ముఖంలో రక్తం లేదు. నాకు అది చూసి ఇంకా భయమేసింది. పెద్దవాళ్లకు ఏదో దారి తెలిసి ఉంటుందని అప్పటిదాకా అనుకున్నాను.

"ఈ విషయం బయటికి పోకూడదు," అన్నాడు. "రిపోర్టు పైకి వెళ్లిపోయింది. సవరణ పంపాలంటే పద్ధతి ఉంటుంది. లెటర్ పెడదాం. ఆర్డర్ వచ్చాక రంగు మార్పిద్దాం."

"ఆర్డర్ ఎప్పుడొస్తది సార్?" అన్నాడు సాబ్.

"పది పదిహేను రోజులు పడుతుంది."

"గన్ని రోజులు గా నీళ్లే తాగుతరు గద."

ఇంజనీరు నావైపు తిరిగి, "నీది కాంట్రాక్టు ఉద్యోగం, గుర్తుందా?" అన్నాడు. కోపంగా అనలేదు. నన్ను బతిమాలుతున్నట్టుగా అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆ ఉద్యోగం పోతే మా ఇంట్లో మళ్లీ ఏమవుతుందో నాకు తెలుసు. 

సాబే మాట్లాడాడు. "లెటర్ మీరు రాయున్రి సార్. నేను జీపు తీస్కపోత. నీళ్లు మల్ల తేవాలె పరీక్షకు, గందుకే పోయిన్నని రాస్కోన్రి. ఊర్లె నేనేం మాట్లాడిన్నో అది నా నోటి మాట. మీది గాదు." ఇంజనీరు వద్దనలేదు, సరేననలేదు. కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. సాబ్ దాన్నే సరే అనుకున్నాడు.

జీపులో నేను వెనక కూర్చున్నాను. వాన వెలిసి రోడ్డంతా బురద. మొదటి ఊళ్లో బోరింగు చెడిపోయి ఉంది, పచ్చరంగు పూశాక ఎవరూ తాగలేదట. ఆ మాట వినగానే సాబ్ కళ్లు మూసుకొని ఏదో ప్రార్థన చదువుకున్నాడు. రెండో ఊళ్లో అది బడి ఆవరణలో ఉంది. మధ్యాహ్నం బెల్లు కొట్టారు, పిల్లలు వరుసగా నిలబడి దోసిళ్లతో తాగుతున్నారు. సాబ్ పోయి టీచరుతో మెల్లగా మాట్లాడాడు. టీచరు ఏమీ అడగకుండా బోరింగు దగ్గరికి పోయి, కొడుతున్న పిల్ల చేతిలోంచి పిడిని తీసుకొని, "లోపలికి పోన్రి" అన్నాడు. పిల్లలు తడి నోళ్లతో మావైపు చూసుకుంటూ పోయారు. అందులో చాలామందికి పళ్లు అప్పటికే గార పట్టి ఉన్నాయి. నేను వాళ్ల ముఖాలు చూడలేక జీపు ఎక్కి కూర్చున్నాను.

మూడోది అక్క ఊరు. జీపు ఆగేసరికి అక్క బోరింగు దగ్గరే ఉంది. నిండు బిందెను గట్టు మీద పెట్టి, చీర కొంగు నడుముకు చుడుతోంది. నన్ను చూసి నవ్వింది.

"ఏమే, జీపుల దిగినవ్. ఆఫీసరయినవా?"

నేను చెప్పాలనుకున్న మాటలు దారంతా అల్లుకుంటూ వచ్చాను. అవేవీ మిగల్లేదు. "అక్కా, గా నీళ్లు తాగకు" అని మాత్రం అన్నాను.

అక్క నవ్వు పూర్తిగా పోలేదు. "ఏందే? పచ్చరంగు ఏసిన్రు గద. మంచిగున్నయని మీ కంప్యూటరే రాసిచ్చిందట గద."

సాబ్ ముందుకు వచ్చాడు. "తప్పయింది బిడ్డా. ఈ నీళ్లు మంచిగ లెవ్వు. శానా ఖరాబున్నయ్. జర ఇను. కొన్ని దినాలు తాగితే ఏం గాదు. ఏండ్లకేండ్లు తాగితేనే ఎముకలు వట్టుకుంటయ్."

అక్క ఆయనను కాదు, నన్ను చూస్తోంది. చేయి దానంతటదే కడుపు మీదికి పోయింది. "నా ఒంట్లె ఉన్న దానికి కొన్ని దినాలే శానా గద సార్" అంది. చాలా మామూలుగా అంది. సాబ్ తల వంచుకొని, పరీక్షకు తెచ్చిన డబ్బాలో బోరింగు నీళ్లు పట్టుకున్నాడు.  

ఈలోపు జనం చేరారు. ఒకాయన గట్టిగానే అడిగాడు. "ఎర్రరంగేసి తాగొద్దన్నరు. పచ్చరంగేసి తాగుమన్నరు. ఇప్పుడు మల్ల తాగొద్దంటున్నరు. ఏ మాట ఇనాలె మేము?"

"ఇప్పుడు చెప్పేది ఇనున్రి" అన్నాడు సాబ్.

"రేపు ఇంకొకలొచ్చి ఇంకోటి చెప్తే?"

సాబ్ తలూపాడు. ఆయనకు కోపం రాలేదు. తెచ్చిన ఎర్రరంగు డబ్బా తీసి, కుంచె ముంచి, తానే వంగి బోరింగుకు పూయడం మొదలుపెట్టాడు. ముసలాయన మెల్లగా పూస్తుంటే పచ్చ మీద ఎరుపు చారలు చారలుగా పడుతోంది.  కాసేపటికి ఆ అడిగినాయనే వచ్చి కుంచె తీసుకొని మిగతాది పూశాడు.

అక్క గట్టు మీది బిందెను వంచింది. నీళ్లు మెల్లగా బురదలో కలిసిపోయాయి. అలికిడికి ఇంట్లోంచి అత్త బయటకు వచ్చి, నా పాదాలు చూసి నన్ను గుర్తుపట్టింది.

"ఎందుకు పారబోస్తున్నది బిడ్డా అది?"

చెప్పాను.  "నా కాలంల చెప్పెటోడు లేకుండె" అంది ఆమె. కోడలి చేతిలోంచి బిందె తీసుకొని లోపలికి పోయింది. ఆ మర్నాటి నుంచి బావ పనికి పోకముందే చెరువు కట్టకు పోయి నీళ్లు తెచ్చి పెట్టేవాడని తర్వాత తెలిసింది. మొదట్లో మగవాడు బిందె మోయడం చూసి ఊళ్లో నవ్వారట. అత్త గడపలో కూర్చొని నవ్వినవాళ్లను తిట్టిందట.

నాలుగో ఊరు కూడా చూసుకొని తిరిగివచ్చాం. జీపులో సాబ్ పక్కన నీళ్ల డబ్బాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. రంగు మందు వచ్చాక వాటిని పల్చన చేసి చూశాడు. అక్క ఊరి అంకెను నాకు చెప్పకుండా రాసి, రిజిస్టరు నా ముందు పెట్టి బయటకు పోయాడు. ఆ అంకెను కొడుతుంటే తెర మీద డేంజర్ అని వచ్చింది. ఆ మాట చూస్తే నాకు ఒక పక్క భయం, ఒక పక్క కాళ్ల కింద నేల దొరికినట్టు.

ఫార్ములాను మళ్లీ రాశాను. ఈసారి అన్నిటికన్నా ముందు ఇంకో ప్రశ్న పెట్టాను. గడిలో ఉన్నది అసలు అంకేనా అని. అంకె కాకపోయినా, గడి వట్టిగా ఉన్నా, మళ్లీ పరీక్షించాలి అని రాయాలి. మిగతా ప్రశ్నలన్నీ దాని తర్వాతే. ఆ పుస్తకంలో దానికి పద్ధతి ఉంది, వెతికితే దొరికింది. రాశాక నా పేరు కొట్టి చూశాను, విషం కొట్టి చూశాను, వట్టి గడిని చూశాను. సరిగ్గానే చెప్పింది. అయినా నాకు నమ్మకం చిక్కలేదు. నాకు తట్టని నాలుగోది ఇంకేదో ఉందేమోనని రోజూ సాయంత్రం కంప్యూటరు ఆపేముందు కాగితాలన్నీ వేలు పెట్టి చదివేదాన్ని. నేను ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ అలవాటు పోలేదు.

ఇంజనీరు సవరణ లెటరు పంపాడు. పైనుంచి ఎవరూ ఏమీ అడగలేదు. అది నాకు మరో రకం భయం. అడుగుతారని రోజూ ఎదురుచూశాను. లెటరు చేరిందని ఒక సంతకం వచ్చింది, అంతే. నన్ను తీసేయలేదు. హైదరాబాద్ కుర్రాడు ఇంకేదో పనికి వచ్చినప్పుడు జరిగింది చెప్పాను. అతను తెర వైపు చూసి, "మేము అంకెలే వస్తాయనుకున్నాం మేడమ్" అన్నాడు. ఆరోజు అతను భోజనానికి పోలేదు. వాళ్లు ఇంకెన్ని ఆఫీసులకు అదే ఫార్ములా పెట్టి ఇచ్చారో రాసుకుంటూ కూర్చున్నాడు.

అక్క మిగతా నెలలు మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఆమెను తిరిగి పంపనన్నది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ నీళ్ల మాట ఎత్తేవారు కాదు. అక్క గ్లాసు తీసుకునేముందు ఒక్క క్షణం అందులోకి చూసేది. నల్లా నీళ్లే అని తెలుసు, అయినా చూసేది. ఒక మధ్యాహ్నం మంచం మీద పడుకొని, పైకప్పు చూస్తూ, "మా అత్త పుట్టినప్పుడు గూడ మంచిగనే ఉన్నదంట" అంది. నేను కూరగాయలు కోస్తున్నాను. 

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. నర్సు బట్టలో చుట్టి తెస్తే అమ్మ ముఖం చూసింది, నాయిన చేతులు చూశాడు. నేను బట్ట పక్కకు తీసి కాళ్లు చూశాను. సన్నగా, ఎర్రగా, మామూలు పిల్లల కాళ్లలాగానే ఉన్నాయి. డాక్టరమ్మను అడిగితే, ఇప్పుడేం తెలుస్తుందమ్మా, పెరగనీ అంది. పాలపళ్లు వచ్చినప్పుడు అక్క పిల్లను కిటికీ దగ్గరికి తీసుకుపోయి పెదవి ఎత్తి చూసింది. తెల్లగా ఉన్నాయి. పళ్లు తెల్లగా ఉంటే ఎముకలు కూడా మంచిగున్నట్టేనా అని సాబ్‌ను అడిగి రమ్మంది. అడిగాను. "దేవుడు మంచిగనే జేసిండు, ఇగ ఫికర్ జెయ్యకున్రి" అన్నాడు. సాబ్ అంకె చూడకుండా ఏమైనా చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

అమ్మ అక్కను ఇంకా పంపలేదు, పిల్ల మా ఇంట్లోనే నడక నేర్చింది. ఒక పొద్దున నాయిన దుకాణానికి బయలుదేరుతుంటే ఆయన సైకిల్ వెంట పడి, గోడ వదిలి నడిచింది. అమ్మ చప్పట్లు కొట్టింది. నాయిన సైకిల్‌కు స్టాండు వేసి వంగి చేతులు చాచాడు. నేను పిల్ల మోకాళ్లను చూస్తున్నాను, అవి లోపలికి వంగుతున్నాయా, బయటికా, తిన్నగానే ఉన్నాయా అని. తలెత్తితే అక్క కూడా అవే చూస్తోంది. మా ఇద్దరి కళ్లూ కలిశాయి.  పిల్ల మా నాయిన చేతుల్లోకి పోయి పడింది.